సంఘం బీరువాలో ఏ పుస్తకాలు పెడదాం?



ఉగాది ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో ఒక బీరువా కొని, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు పనికొచ్చే పుస్తకాలు అందులో పెడదామని పోయిన సమావేశంలో అనుకున్నాం. పేర్లు పంపమని గ్రూపులో అడిగితే రెండు రోజుల్లో నలభైకి పైగా వచ్చాయి. చాలా సంతోషం. పుస్తకం మాటెత్తితే ఇంతమంది పలికారంటే అదే పండగ. కానీ లిస్టు మొత్తం ఒకచోట రాసుకుని చూశాక మాకు ఒక మాట చెప్పక తప్పదనిపించింది. కాస్త పొడుగ్గానే రాస్తాం, తీరిగ్గా చదవండి.

మా సంగతి మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఉద్యోగం రైల్వేలో గుమాస్తా. మేనేజ్‌మెంట్ చదువులు మేము చదవలేదు. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాశాం, లెక్కలు చూశాం, పైవాళ్ల కింద పనిచేశాం, కొన్నాళ్లు కిందివాళ్ల చేత పనిచేయించాం. ఆ అనుభవంతో చెబుతున్న మాటలు ఇవి.

వచ్చిన నలభై పేర్లలో ముప్పైకి పైగా ఒకటే రకం. ఎలా గెలవాలి, ఎలా ఎదగాలి, కోటీశ్వరుడి అలవాట్లు ఏమిటి, తెల్లవారుజామున ఎన్నింటికి లేవాలి. వాటిని తక్కువ చేయడం లేదు. యండమూరి గారి ‘విజయానికి ఐదు మెట్లు’, పట్టాభిరామ్ గారి పుస్తకాలు చదివి ధైర్యం తెచ్చుకున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అవి బీరువాలో ఉండాల్సిందే. అయితే ఆ పుస్తకాలన్నీ ఒక మనిషి తనను తాను ఎలా దిద్దుకోవాలో చెబుతాయి. మన పిల్లలకు ఇవాళ ఎదురయ్యే కష్టం అది ఒక్కటే కాదు. వాళ్లు పనిచేసే చోటు ఎలాంటిది, పైన కూర్చున్నవాడు ఎలాంటివాడు, చేయకూడని పని చేయమంటే ఏం చేయాలి అనే ప్రశ్నలకు తెల్లవారుజామున లేస్తే జవాబు దొరకదు.

మన షోళింగనల్లూరునే చూడండి. సిగ్నల్ దగ్గర నిలబడి నాలుగు వైపులా చూస్తే పెద్ద పెద్ద కంపెనీల అద్దాల గోడలే. ఎల్కాట్ సెజ్, ఇన్ఫోసిస్, ఇంకా ఓఎంఆర్ పొడుగునా ఎన్నో. ఆ గోడల వెనక మన నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, గుంటూరు పిల్లలు వేలమంది ఉన్నారు. మన సంఘంలో సగం ఇళ్లు ఆ జీతాల మీదే నడుస్తున్నాయి. ఇంటి లోను, తమ్ముడి ఫీజు, అమ్మ మందులు అన్నీ అందులోనే. కాబట్టి ఈ బీరువా సరదాకి పెట్టే బీరువా కాదు.

మా మొదటి మాట కంపెనీ పేరు గురించి.

మన ఇళ్లలో కంపెనీ పేరుకు ఎంత విలువో పెళ్లి సంబంధాల దగ్గర తెలుస్తుంది. అబ్బాయి గుణం తర్వాత, కంపెనీ పేరు ముందు. ఇరవై ఏళ్ల కింద ఆ పేర్లలో మొదటి వరసలో ఉన్నది సత్యం కంప్యూటర్స్. 1987లో హైదరాబాదులో మొదలై, యాభై వేలకు పైగా ఉద్యోగులతో, మన తెలుగువాళ్లు పెట్టిన కంపెనీ అని చెప్పుకోవడానికి ఛాతీ విప్పుకునేలా ఎదిగింది. ఆ కుటుంబం పల్లెల్లో సేవా కార్యక్రమాలు చేసింది. ఇవాళ ప్రాణం మీదికి వస్తే మనం పిలిచే 108 అంబులెన్సు కూడా ఆ కుటుంబం పెట్టిన సంస్థతోనే 2005లో హైదరాబాదులో మొదలైంది, 2008లో మన తమిళనాడుకీ వచ్చింది. 2008 సెప్టెంబరులో కంపెనీని బాగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అనే అంతర్జాతీయ అవార్డు కూడా ఇచ్చారు.

ఆ తర్వాత నాలుగు నెలలకు జరిగింది అందరికీ తెలుసు. 2008 డిసెంబరు 16న, కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొంటామని బోర్డు ప్రకటించింది. వాటాదార్లు మండిపడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు సత్యాన్ని ఎనిమిదేళ్లు తన పనుల నుంచి నిషేధించిన సంగతి బయటికొచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే బోర్డుకు ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు లాభం 649 కోట్లని చూపించారు, నిజంగా వచ్చింది 61 కోట్లు. ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరైపోయింది. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజుల్లో మా కౌంటర్లలో గుమాస్తాలం అందరం ఒకటే మాట్లాడుకున్నాం. ఐదు వేల కోట్లు బ్యాంకులో లేవన్న సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటుంది? రైల్వేలో బుకింగ్ క్లర్కు డ్యూటీ ఎక్కేటప్పుడు తన జేబులో సొంత డబ్బు ఎంతుందో ముందు రిజిస్టరులో రాయాలి. షిఫ్టు ముగిసేసరికి అమ్మిన టికెట్లకూ గల్లాలోని డబ్బుకూ లెక్క సరిపోవాలి. తగ్గితే చేతి నుంచి కట్టాలి. ఎక్కువైతే అది కూడా రాసి జమచేయాలి. అకౌంట్స్ ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చి, మనల్ని పక్కకు జరిపి, తనే లెక్కపెట్టేవాడు. మనం చెప్పిన అంకె ఆయనకు అక్కర్లేదు. తన చేత్తో లెక్కపెట్టిందే అంకె.

సత్యంలో తప్పిపోయింది ఇదే. బ్యాంకులో ఎంతుందో బ్యాంకును నేరుగా అడిగి, జవాబు నేరుగా తెప్పించుకోవాల్సిన ఆడిటర్లు, కంపెనీ చేతికిచ్చిన కాగితాలను నమ్మారు. ఎందుకు నమ్మారు? అంత పేరున్న కంపెనీ, అంత సేవ చేసిన మనిషి, అన్ని అవార్డులు. పేరు ఎంత పెద్దదైతే అడిగే నోరు అంత చిన్నదవుతుంది. మా మొదటి మాట ఇదే. కంపెనీకి పేరు ఉండటం మంచిదే, కానీ లెక్క చూడకపోవడానికి ఆ పేరు సాకు కాకూడదు.

రైల్వేలో ఇంకో ఏర్పాటు ఉంది, చాలామందికి తెలియదు. రైలు ప్రమాదం జరిగితే విచారణ చేసే రైల్వే సేఫ్టీ కమిషనరు రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. తప్పు జరిగిన ఇంటివాడే తప్పును తేల్చకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. పుస్తకాల్లో ‘గవర్నెన్స్’ అని వందల పేజీలు రాసేదాని సారం ఈ ఒక్క ఏర్పాటులో ఉంది.

అందుకని బీరువాలో మొదట పెట్టాల్సింది గెలుపు పుస్తకం కాదు, ఈ పతనం పుస్తకం. టైమ్స్ ఆఫ్ ఇండియా హైదరాబాదు ఎడిటరుగా పనిచేసిన కింగ్‌షుక్ నాగ్ 2009లో రాసిన ‘ద డబుల్ లైఫ్ ఆఫ్ రామలింగరాజు’ ఒకటి. దానితో పాటు గురుచరణ్ దాస్ రాసిన ‘ద డిఫికల్టీ ఆఫ్ బీయింగ్ గుడ్’. అది మహాభారతం మీద రాసిన పుస్తకం. ధర్మం ఎందుకంత కష్టమో చెబుతూ సత్యం రాజు సంగతి కూడా ప్రస్తావించారు. చిన్నప్పటి నుంచి భారతం వింటున్న మనకు ఆఫీసు గొడవలు ఆ వెలుగులో చూస్తే తొందరగా అర్థమవుతాయి. విదురుడు చెప్పాడు, ధృతరాష్ట్రుడు విన్నాడు, కానీ చెప్పింది చేయలేదు. ఏ కంపెనీ బోర్డు మీటింగులోనైనా ఈ సీను జరగవచ్చు.

ఇక్కడ కొంతమంది అడుగుతారు, అవన్నీ ఛైర్మన్ల కథలు, మా అబ్బాయి మామూలు ఉద్యోగి, అతనికి ఎందుకు అని. అసలు విషయం అక్కడే ఉంది.

సత్యం కేసులో దర్యాప్తు చేసినవాళ్లు ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపెట్టారు. ఏడు వేల కాగితాలు ఛైర్మన్ ఒక్కడే కూర్చుని టైపు చేస్తాడా? ఎవరో ఒక గుమాస్తాలాంటివాడు, ఎవరో చెబితే, తన సీట్లో కూర్చుని చేశాడు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. ఆ పదిమందిలో అన్నదమ్ములు, ఆడిటర్లు మాత్రమే లేరు. ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు, అసిస్టెంటు మేనేజరు హోదా దాకా. తర్వాత అప్పీలులో శిక్ష నిలిపి బెయిలు ఇచ్చారనుకోండి. అయినా ఆ ఇళ్లవాళ్లు పడిన బాధ ఎంతో ఊహించండి. పైవాడు చెప్పాడు, చేశాను అన్న మాట కోర్టులో నిలబడలేదు.

ఇప్పుడు మన మధ్య జరిగిన ఒక సంగతి. పేరు, వీధి, కంపెనీ ఏదీ చెప్పం. మన సభ్యుల ఇంటి కుర్రాడొకడు పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చాడు. ప్రాజెక్టులో పని తక్కువ ఉన్న నెలలో, క్లయింటుకు పంపే టైమ్‌షీట్‌లో చేయని గంటలు కలిపి రాయమని మేనేజరు నోటితో చెప్పాడట. అందరూ రాస్తున్నారట. వాళ్ల నాన్న, పాపం, ఇంటి లోను ఇంకా పదకొండేళ్లు ఉంది, రాసి పడేయరా, నీ ఒక్కడి వల్ల లోకం మారుతుందా అన్నారు. తండ్రి మాట తప్పని మేము అనం. లోను కట్టేది ఆయన, భయం ఆయనది. కుర్రాడు మాత్రం నిద్రపోవడం లేదు. ‘తాతగారూ, ఇది దొంగతనమా, ఆఫీసు పద్ధతా’ అని అడిగాడు.

మేము చెప్పింది గుమాస్తా ఉపాయం. రైల్వేలో నోటిమాట ఆర్డరు కాదు. పైఆఫీసరు ఏదైనా తేడా పని చెబితే పాతకాలం హెడ్‌క్లర్కులు ఎదిరించేవారు కాదు, గొడవపడేవారు కాదు. ‘అలాగే సార్, ఒక ముక్క రాసి ఇవ్వండి’ అనేవారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ ముక్క వచ్చేది కాదు, పనీ అక్కడితో ఆగిపోయేది. కుర్రాడు మర్యాదగా ఒక మెయిల్ పెట్టాడు. ఈ గంటలు ఏ పని కింద చూపించాలో దయచేసి తెలియజేయండి, అంతే. జవాబు రాలేదు. తన షీట్‌లో తను చేసిన గంటలే రాశాడు. ఉద్యోగం పోలేదు. కానీ ఆ ఏడాది అప్రైజల్‌లో రేటింగ్ తగ్గింది, హైక్ నామమాత్రం. ఇది సినిమా కథ కాదు కాబట్టి చివర్లో మేనేజరు పట్టుబడటం, కుర్రాడికి ప్రమోషన్ రావడం ఏమీ జరగలేదు. నిద్ర మాత్రం పడుతోందట.

అతనికి ఆ రోజు ఒక పుస్తకం చేతిలో పెట్టాలనిపించింది. మా నలభై పేర్ల లిస్టులో అలాంటిది ఒక్కటీ లేదు. అందుకే ఇంత రాస్తున్నాం.

ఆఫీసులో మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆమె 2018లో ‘ద ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్’ అని రాసింది. ఆమె మొదట ఆసుపత్రుల్లో పరిశోధన చేసింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని లెక్క తీస్తే, అక్కడే ఎక్కువ కనబడ్డాయి. ఇదేమిటని తరచి చూస్తే తెలిసిందేమిటంటే, మంచి వార్డుల్లో నర్సులు పొరపాటును భయం లేకుండా చెబుతున్నారు. చెడ్డ వార్డుల్లో దాచేస్తున్నారు. అంటే తప్పులు లేని రికార్డు చూసి మురిసిపోకూడదు, ముందు అక్కడ నోరు విప్పే ధైర్యం ఉందా చూడాలి. ఇది చదివినప్పుడు మాకు కొన్ని ఆఫీసులు గుర్తొచ్చాయి. ఫైళ్లు అద్దంలా ఉండేవి, మనుషులు మాత్రం గుసగుసగా మాట్లాడుకునేవారు.

ఇంకొకటి పాతది, ఇర్వింగ్ జానిస్ 1972లో ‘గ్రూప్‌థింక్’ గురించి రాసిన పుస్తకం. తెలివైనవాళ్లు పదిమంది ఒక గదిలో కూర్చుని, ఒకరి మాట ఒకరు కాదనలేక, ఎంత తెలివితక్కువ నిర్ణయం చేయగలరో చూపించాడు. కెనెడీ కాలంలో క్యూబా మీదికి దండు పంపి భంగపడిన సంగతి అందులో ముఖ్యమైన ఉదాహరణ. సత్యం బోర్డులోనూ పెద్ద చదువుల ప్రొఫెసర్లు, పెద్ద పదవులు చేసినవాళ్లు ఉన్నారు. డిసెంబరు 16 మీటింగులో మేటాస్ కొనుగోలుకు ఆమోదం దొరికింది కూడా. చదువు తక్కువై కాదు. కాదనడం మొహమాటమై. మన సంఘం కమిటీ మీటింగులు తలుచుకుంటే ఈ పుస్తకం మనకూ పనికొస్తుంది, కోపం తెచ్చుకోకండి.

ఇక నాయకత్వం. ఈ మాట మీద వచ్చినన్ని పుస్తకాలు వంట మీద కూడా వచ్చి ఉండవు. మాకు మాత్రం రెండు మూడు సంఘటనలు చాలు, అన్నీ మన చుట్టుపక్కలవే.

1979 ఆగస్టు 10న ఇక్కడికి దగ్గర్లో ఉన్న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ఎగిరి సముద్రంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికలవాళ్ల ముందుకు వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది 1980 జూలై 18న రాకెట్ విజయవంతమైతే, పత్రికలవాళ్ల ముందుకు కలాంనే పంపారు. ఈ సంగతి కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. ఆయన ఆత్మకథను వాడ్రేవు చినవీరభద్రుడు గారు ‘ఒక విజేత ఆత్మకథ’ పేరుతో తెలుగు చేశారు. మేము మొదట తమిళంలో ‘అగ్ని చిరగుగళ్’గా చదివాం. రెండూ బీరువాలో ఉండాలి. మన పిల్లల్లో తెలుగు చదవలేక తమిళం చదవగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు, అది దాచుకోవాల్సిన సంగతి కాదు.

రైల్వేవాళ్లం కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేం. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదంలో నూరుమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మన తమిళనాట అరియలూరు దగ్గర మళ్లీ ప్రమాదం, మళ్లీ నూరుమందికి పైగా. ఈసారి శాస్త్రి గారు పట్టుబట్టి దిగిపోయారు. పట్టాలు ఆయన వేయలేదు, వరదలు ఆయన తేలేదు. అయినా ఆ కుర్చీలో ఉన్నది తను. మేము ఉద్యోగంలో చేరేనాటికి అది పాత కథే. అయినా పాత గార్డులు, స్టేషన్ మాస్టర్లు ఆ పేరు ఎత్తితే గొంతు మారేది. పేరు అంటే అది. మంత్రి పదవి పోయింది, పేరు మిగిలింది.

మూడోది మన సత్య నాదెళ్ల సంగతి. హైదరాబాదులో చదివిన కుర్రాడు 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ అయ్యాడు. తన పైస్థాయి వాళ్ల చేత మార్షల్ రోజెన్‌బర్గ్ రాసిన ‘నాన్‌వయొలెంట్ కమ్యూనికేషన్’ చదివించాడు. కారొల్ డ్వెక్ 2006లో రాసిన ‘మైండ్‌సెట్’ నుంచి, అన్నీ తెలిసినవాడిలా ఉండకు, అన్నీ నేర్చుకునేవాడిలా ఉండు అనే ఆలోచన తీసుకుని కంపెనీ అంతటా చెప్పాడు. అదే ఏడాది అక్టోబరులో మహిళా ఉద్యోగుల సభలో, జీతం పెంచమని అడగక్కర్లేదు, వ్యవస్థను నమ్మండి అన్నట్టు మాట్లాడి విమర్శల పాలయ్యాడు. ఆ రోజే ఉద్యోగులందరికీ ఉత్తరం రాశాడు, తన జవాబు పూర్తిగా తప్పని. 2017లో రాసిన ‘హిట్ రిఫ్రెష్’లో ఆ సంగతి దాచలేదు. హైదరాబాదుతో ముడిపడిన ఇద్దరు తెలుగువాళ్లు, రెండు ఉత్తరాలు. ఒకరిది ఏళ్లు గడిచాక, ఇక దాచలేక రాసిన ఉత్తరం. ఒకరిది అదేరోజు రాసిన ఉత్తరం. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, ఇంకో క్లాసు అక్కర్లేదు.

అలాగని ఆ పుస్తకాన్ని కూడా కళ్లు మూసుకుని చదవొద్దు. అదే కంపెనీ 2014లో 18,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది, 2025లో కూడా వేలమందిని పంపింది. సీఈఓ రాసిన పుస్తకం సీఈఓ వైపు నుంచి రాసిన లెక్క. పక్కన ఉద్యోగి వైపు లెక్క కూడా పెట్టుకోవాలి. 2023లో నారాయణమూర్తి గారు వారానికి డెబ్బై గంటలు పని చేయాలన్నారు, 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ తొంభై దాకా వెళ్లారు. పెద్దవాళ్లు, కష్టపడి పైకొచ్చినవాళ్లు, వాళ్ల మీద గౌరవం ఉంది. కానీ మేడవాక్కం నుంచి వచ్చే పిల్ల సాయంత్రం సిగ్నల్ దగ్గర, మెట్రో పనుల మధ్య ఇరుక్కునే గంటలు ఆ డెబ్బైలో ఉన్నాయా లేవా? ఎనిమిది గంటల రోస్టరు ఎందుకొచ్చిందో రైల్వేవాళ్లను అడగండి. అలసిన మనిషి సిగ్నల్ తప్పు చూస్తాడు.

మన పాత పుస్తకాలను కూడా మరవొద్దు. తమిళ బళ్లో మాకు తిరుక్కురళ్ కంఠతా పట్టించారు. అప్పట్లో మార్కుల కోసం. ఉద్యోగంలో పడ్డాక గానీ అందులో ‘పొరుట్పాల్’ భాగం ఆఫీసు నడిపేవాళ్ల కోసం రాసినట్టు ఉందని తెలియలేదు. ఏ పని ఎవరికి అప్పజెప్పాలో ఒక అధికారం మొత్తం ఉంది, ‘తెరిందు వినైయాడల్’ అని. పెద్దల తోడు సంపాదించుకోవడం మీద ఇంకో అధికారం ఉంది. తప్పు చేస్తే మందలించగల మనిషి పక్కన లేని రాజు గతి ఏమిటో అక్కడ చూడండి. తెలుగులో సుమతీ శతకంలో బద్దెన సరిగ్గా జీతమివ్వని యజమాని సంగతి కూడా వదల్లేదు. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద కథ జరిగేది మన తమిళదేశంలో, శ్రీవిల్లిపుత్తూరులో. అందులో యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతి ఉంది. సామ్రాజ్యం నడిపిన మనిషి నాయకత్వం మీద స్వయంగా రాసిన పుస్తకం మన భాషలోనే ఉండగా, విమానాశ్రయం కొట్టులో కొన్నదే జ్ఞానం అనుకోవడం ఎందుకు?

ఇక రాబోయే అభ్యంతరాలకు ముందే జవాబు చెబుతాం.

ఒకటి, ఇలాంటివి చదివితే పిల్లలు భయపడతారు, నెగటివ్‌గా తయారవుతారు అని. సత్యం కథలో రెండో సగం చదవండి. ఛైర్మన్ పోయాక ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కర్ణిక్, దీపక్ పరేఖ్‌లాంటి వాళ్లను వేసింది. మన చెన్నై ఆడిటరు టి.ఎన్. మనోహరన్ గారు కూడా ఆ బోర్డులో పనిచేశారు. ఫిబ్రవరిలో సత్యంలోనే ఏళ్లుగా పనిచేసిన ఎ.ఎస్. మూర్తి గారిని సీఈఓ చేశారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ముందుకొచ్చింది, 2013లో విలీనమైంది. ఆ మూడు నాలుగు నెలలు వేలమంది మామూలు ఉద్యోగులు రోజూ ఆఫీసుకు వెళ్లి క్లయింట్ల పని ఆగకుండా చూశారు కాబట్టే కొనడానికి ఒక కంపెనీ మిగిలింది. పైవాడు పోగొట్టిన పేరును కిందివాళ్లు నిలబెట్టారు. ఇంతకంటే ధైర్యమిచ్చే కథ ఏ గెలుపు పుస్తకంలో ఉంది?

రెండు, చదవడానికి టైము ఎక్కడుంది అని. నిజమే. అందుకే మేము నలభై పుస్తకాలు అనడం లేదు. పన్నెండు చాలు అంటున్నాం. నెలకొకటి. రెండో ఆదివారం సాయంత్రం హాల్లో ఒకరు చదివినది చెప్పాలి, మిగతావాళ్లు కాఫీ తాగుతూ వినాలి. చదవనివాళ్లు కూడా రావచ్చు.

మూడు, ఆఫీసు సంగతులు సంఘంలోకి ఎందుకు అని. ఉద్యోగం పోతే మొదట ఫోను వచ్చేది ఎవరికి? మనకే. రాజీనామా కాగితం ముందుపెట్టి ఇప్పుడే సంతకం పెట్టమంటే ఏం చేయాలో ఆ పిల్లకు ముందే తెలిసి ఉండాలి. ఆ గదిలో సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతాను అనవచ్చని ఒక్క ముక్క తెలిసినా ఎంతో మేలు. ఐటీ ఉద్యోగులకు కూడా సంఘం పెట్టుకునే హక్కు ఉందని 2016లో మన తమిళనాడు ప్రభుత్వమే స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియని ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో అడిగి చూడండి.

కాబట్టి మా విన్నపం ఇది. లిస్టులో గెలుపు పుస్తకాలు నాలుగు ఉంచుదాం. మిగతా ఎనిమిదిలో సత్యం మీద ఒకటి, గురుచరణ్ దాస్ ఒకటి, ఎడ్మండ్‌సన్ ఒకటి, జానిస్ ఒకటి, నాదెళ్ల ఒకటి, కలాం ఆత్మకథ రెండు భాషల్లో, తాత్పర్యంతో ఉన్న తిరుక్కురళ్, ఆముక్తమాల్యద రాజనీతి భాగం వ్యాఖ్యతో. ఇంగ్లీషు పుస్తకాలను చదివి తెలుగులో చెప్పగల పిల్లలు మనకున్నారు, పెద్దవాళ్లకు వాళ్లే చెబుతారు. ఇవి కాక ఒక నోటు పుస్తకం. ఆఫీసులో ఎదురైన చిక్కును పేర్లు లేకుండా ఎవరైనా అందులో రాయవచ్చు. చదివినవాళ్లు కింద తమకు తోచిన సలహా రాయాలి. కొన్నాళ్లకు అదే మన బీరువాలో అన్నిటికన్నా నలిగిన పుస్తకం అవుతుందని మా నమ్మకం.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుని లిస్టు ఖాయం చేస్తుంది. మేము చెప్పినవి వద్దనుకునేవాళ్లు కూడా తప్పకుండా రండి, వచ్చి ఎందుకు వద్దో చెప్పండి. అందరూ తలూపి ఊరుకుంటే పైన రాసిందంతా వృథా.